ఊట పారితేనే ఈ పిట్ట!

ఒళ్లంతా తెల్లటి తెలుపు. రెక్కలూ తోకా నల్లగా నిగనిగలాడుతుంటాయి. తల మీంచి వీపు దాకా ఎర్ర శాలువా కప్పినట్టుంటుంది. ముక్కు మీదికి ఓ ఎర్ర కుచ్చు కూడా! ఫొటో చూస్తే ఎవరో ఎడిట్ చేశారేమో అనిపిస్తుంది. పేరు అరారిపె మనాకిన్. పొడవు 15 సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ, అంతే. దీన్ని అడవిలో చూడాలంటే ప్రపంచం మొత్తంలో ఒకటే చోటుంది. అది బ్రెజిల్ ఈశాన్య మూలన ఉన్న సియరా రాష్ట్రంలోని ఓ కొండవాలు.

ఎండుటాకుల మధ్య పచ్చటి అంచు

అక్కడికి వెళ్లాలంటే జువజేరో దో నోర్చి అనే ఊళ్లో విమానం దిగాలి. చుట్టూ కాటింగా... అంటే ముళ్లపొదలూ, కాక్టస్‌లూ, ఎండాకాలం వస్తే ఆకు నిలవని చెట్లూ. ‘ఇక్కడ వానాడవి పిట్టేంటి?’ అనిపిస్తుంది కదా! జవాబు ఎదురుగా కనిపించే షపాడా దో అరారిపె పీఠభూమిలో ఉంది. పైన కురిసిన వాన ఇసుకరాతిలోకి ఇంకిపోతుంది. నీటిని దిగనివ్వని పొర తగలగానే పక్కకి జారి, కొండవాలులో ఊటలై బయటికొస్తుంది. ఆ తడితోనే వాలు పొడవునా సన్నటి పచ్చటి అడవి పెరిగింది. క్రాటో, బర్బాల్యా, మిసావ్ వేల్యా... ఈ మూడు ప్రాంతాల పరిధిలోని ఆ పచ్చటి అంచే పిట్ట ఇల్లు. మొత్తం కలిపితే 30 చదరపు కిలోమీటర్లకు అటూఇటూ!

1996లో దొరికింది

ఇంత రంగురంగుల పిట్ట 1996 దాకా శాస్త్రవేత్తల కంట పడలేదు. 1998లో కొత్త జాతిగా ప్రకటించారు. అయితే స్థానికులకి ఇది ఎప్పుడో తెలుసు. ఎర్ర టోపీ చూసి ‘చిన్ని సైనికుడు’ అన్నారు. ‘అడవిలో బట్టలుతికే ఆవిడ’ అనీ పిలుస్తారు. నీళ్ల దగ్గర తప్ప కనిపించదు మరి! ఒకే ఓ చిన్న చోటుని నమ్ముకుని బతికే పిట్ట అంటే మనకి కలివికోడి గుర్తొస్తుంది. అది కూడా 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించేదాకా అంతరించిందనే అనుకున్నారు.

గూడు నీళ్ల పైనే

దీని ముఖ్యమైన తిండి చిన్న చిన్న అడవి పళ్లు. పండు మింగి, గింజని ఇంకోచోట వదిలేస్తుంది. అలా అడవిలో మొక్కలు నాటే పని కూడా దీనిదే. మగపక్షి తన హద్దులో కూర్చుని పాటలు పాడుతుంది కానీ గూటి పని ముట్టుకోదు. ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయే ఆడపక్షే సెలయేటి మీదికి వంగిన కొమ్మకి బుల్లి బుట్టలాంటి గూడు కడుతుంది. అందులో పెట్టేవి రెండే గుడ్లు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఊటనీటిని పైపుల్లో ఇళ్లకీ, తోటలకీ మళ్లిస్తే కింద వాగు ఎండిపోతుంది. వాగు లేకపోతే గూడు లేదు. పిట్ట మొదట కనిపించిన చోటే ఇప్పుడో వాటర్ పార్క్ ఉంది. అలాగని జనాన్ని తప్పుపట్టలేం. కరువు నేలలో వాళ్లకీ ఆ ఊటలే దిక్కు. అందుకే పిట్టని కాపాడటమంటే కంచె వేయడం ఒక్కటే కాదు, నీటిలో కొంత వాటా వాగుకి వదలడం కూడా. ఆక్వాసిస్ అనే స్థానిక సంస్థ కొంత అడవిని కొని రక్షిస్తోంది. నరికిన చోట మళ్లీ మొక్కలు నాటుతోంది. అయినా మిగిలిన పిట్టలు వెయ్యిలోపే ఉంటాయని అంచనా. ప్రమాదం అంచున ఉన్న జాతుల జాబితాలో ఇదీ ఉంది.

వెళ్తే ఇలా...

తెల్లవారుజామునే, గైడ్‌తో వెళ్లండి. ఫోన్‌లో దాని కూత ప్లే చేసి రప్పించాలని చూడొద్దు. హద్దులోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని కంగారుపడుతుంది. సెల్ఫీ కోసం గూటి దగ్గరికి అసలే వద్దు. వాగు పక్కన చప్పుడు చేయకుండా కూర్చోండి, చాలు. మధ్యాహ్నానికి కొండ దిగితే శిలాజాలకి ప్రపంచ ప్రసిద్ధి చెందిన అరారిపె జియోపార్క్ ఎలాగూ ఉంది. కోట్ల ఏళ్ల నాటి చేపలు రాళ్లలో పొలుసులతో సహా కనిపిస్తాయి. పిట్ట మాత్రం రాళ్లలో చేరకూడదు. అదింకా పైన కొమ్మ మీద పాడుతూనే ఉంది.