మూడు నిమిషాల ఇంగ్లీషు

కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణ సర్కారు బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్‌లలో మొదలైనప్పుడు ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ పిల్లలకూ హైదరాబాద్ స్టూడియో టీచర్లే దిక్కయ్యారు. చెప్పడం బాగానే చెప్పారు. కానీ టీవీ ఆగదు కదా! పిల్ల నోరు తెరిచేలోపే పాఠం ముందుకు పోయేది.

అందుకే ఫోన్ కోసం చిన్న ఇంగ్లీషు పాఠం రాసుకుంటుంటే, ఏం చెప్పాలన్నదానికన్నా ఎక్కడ ఊరుకోవాలన్న ఆలోచనే ఎక్కువ. మూడు నిమిషాలు, ఒకే పని: బస్టాండులో బస్సు గురించి అడగడం. ‘డజ్ దిస్ బస్ గో టు నిర్మల్?’ ఒకసారి వినిపిస్తాను. తర్వాత బస్సు బొమ్మ, నాలుగు సెకన్లు ఏ మాటా ఉండదు. ఆ తర్వాతే జవాబు. రెండోసారి ఆదిలాబాద్ బోర్డు పెడతాను. వాక్యం పిల్లలే కట్టుకోవాలి. మూడోసారి కండక్టర్ ‘నో’ అంటాడు. అప్పుడేం అడగాలి? వ్యాకరణం పేరెత్తను. (ఎత్తాలని నోరు దురద పెడుతుంది, అది వేరే సంగతి.)

ఇంకో చిక్కుంది. తెలుగులో వివరిస్తే చాలనుకుంటాం. ఇంట్లో గోండి, లంబాడీ, మరాఠీ మాట్లాడే ఇక్కడి పిల్లలకు తెలుగే బడిలో నేర్చిన భాష. 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చాక, లెక్కలూ సైన్సూ కూడా మూడో భాషలోనే. కాబట్టి వివరణ తగ్గించి బొమ్మలు పెంచుతున్నా. వీడియో సైజు మాత్రం పెంచను. డేటా ప్యాక్ నాన్నది, ఫోనూ నాన్నదే. ఆయన పత్తి చేను నుంచి వచ్చాకే అది పిల్లల చేతికొస్తుంది.