ఎరువు తెచ్చుకున్న పాట

1972 డిసెంబరులో, క్రిస్మస్ నృత్యోత్సవం నాటి రాత్రి, ఖరగ్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ వేదికపై నా బేస్ గిటారు మొదటిసారిగా మోగింది. మోగిందనడం కంటే మూలిగిందనడమే సబబు. దానికి బిగించిన లావుపాటి తీగ సంగీత వాద్యాల దుకాణంలో కొన్నది కాదు. సైకిలు బ్రేకు లోపలి ఉక్కుతీగ. తెల్లవారేసరికి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. అయినా ఆ రాత్రి నాకంటే భాగ్యవంతుడు ఆ ఊళ్ళో మరొకడు లేడనుకున్నాను.

చాలా కాలం పాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం వల్ల ఖరగ్‌పూర్ పేరు అందరికీ తెలుసు. ఆ ఊరు బెంగాలులో ఉన్నా, అక్కడి రైల్వే బస్తీలలో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలెన్నో అక్కడే స్థిరపడ్డాయి. మా నాన్నగారు ఆ కర్మాగారంలో ఫిట్టరు. శనివారం సాయంత్రాలు మా బస్తీ రామమందిరంలో హార్మోనియం ముందు కూర్చుని భజన నడిపించేవారు. నాలుగు వీధులవతల ఆంగ్లో ఇండియన్ ఇళ్ళ నుంచి అదే సమయానికి గిటారు వినిపించేది. నేను ఆ రెండు శబ్దాల నడుమ పెరిగాను.

మా బృందంలో నలుగురం. ప్రధాన గిటారు వాయించేది ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరుగారి అబ్బాయి. డ్రమ్ములు ఒక ఒరియా మిత్రుడివి, గొంతు ఒక బెంగాలీ కుర్రవాడిది. మాకు సొంత పాట ఒక్కటీ లేదు. బీటిల్స్, క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్, యానిమల్స్ వంటి బృందాల పాటలను ఉన్నవి ఉన్నట్లుగా వాయించడమే మా ఆశయం. కలకత్తా నుంచి వెలువడే 'జూనియర్ స్టేట్స్‌మన్' పత్రికలో ఆ గాయకుల బొమ్మలు చూసేవాళ్ళం; రేడియో సిలోన్‌లో వారి గొంతులు వినేవాళ్ళం. కాని చూసినంత మాత్రాన, విన్నంత మాత్రాన పాట చేతికి రాదు గదా!

అందుకు ఒక ఉపాయాన్ని మా గిటారు మిత్రుడు కనిపెట్టాడు. ఆనాటి రికార్డు ప్లేయర్లలో చాలావాటికి నాలుగు వేగాలుండేవి. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డును 16⅔ చుట్ల వేగంలో పెడితే పాట సరిగ్గా సగం వేగంతో నడుస్తుంది. స్వరాలన్నీ ఒక స్థాయి కిందికి దిగుతాయి. మెరుపులా జారిపోయే గిటారు పలుకులు అప్పుడు ఒక్కొక్కటిగా చెవికి అందుతాయి. అలా ఒక్క పాట నేర్చుకోవడానికి మాకు రెండు మూడు వారాలు పట్టేది.

ఒక ఆదివారం మా ఇంటి వరండాలో ఆ సాధన సాగుతోంది. నాన్నగారికి మా సంగీతమంటే సదభిప్రాయం లేదు. ఆ రోజు మాత్రం పత్రిక పక్కన పెట్టి కాసేపు విన్నారు.

"స్థాయి దిగింది గాని శ్రుతి తప్పలేదురా," అన్నారు ఆశ్చర్యంగా.

ఆ అవకాశం వదులుకోకుండా నేను మనసులో ఉన్నది అడిగేశాను: "మేము వాయించేదంతా నకలేనని కాలేజీలో నవ్వుతున్నారు, నాన్నగారూ."

"త్యాగరాజస్వామి కీర్తన పాడే విద్వాంసుణ్ణి నకలు కొట్టాడంటారా? ఎరువు తెచ్చుకున్న సొమ్ము చెక్కుచెదరకుండా చూసుకోవాలి. అంతే," అన్నారాయన.

మేము తరచు వాయించిన 'ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్' కూడా అటువంటిదేనని తరవాత తెలిసింది. 1964లో దానికి విశేష ప్రచారం తెచ్చిన యానిమల్స్ దాన్ని రచించలేదు. అంతకు రెండేళ్ళ ముందే బాబ్ డిలన్ తన మొదటి రికార్డులో దాన్ని పాడాడు. అది ఆయనదీ కాదు. కర్త ఎవరో తెలియని జానపద గీతం. ఎరువు తెచ్చుకున్న వారి నుంచి మేము ఎరువు తెచ్చుకున్నామన్నమాట.

మొదట్లో మాకు ఆంప్లిఫయరు లేదు. వాల్వు రేడియో వెనుక గ్రామఫోను కోసం ఉండే రంధ్రంలో గిటారు తీగను దోపి వాయించేవాళ్ళం. 1973లో కలకత్తా వెళ్ళి ఒక పాత ఆంప్లిఫయరు కొన్నాం. అందులో సగం సొమ్ము నృత్యోత్సవాలలో సంపాదించినది. మిగిలిన సగం గిటారు మిత్రుడు తన సైకిలు అమ్మి తెచ్చినది. అతడి ఇల్లు ఇరుకు కావడంతో దాన్ని మా ఇంట్లో ఉంచాం.

1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె మొదలైంది. దాదాపు పదిహేడు లక్షల మంది కార్మికులు పాల్గొన్న ఆ సమ్మె ఇరవై రోజులు సాగింది. వేలమంది జైళ్ళపాలయ్యారు. అరెస్టుకు భయపడి నాన్నగారు ఇల్లు విడిచి ఎక్కడో తలదాచుకున్నారు. ఇంట్లో ఆరుగురం మిగిలాం. జీతం లేదు. కిరాణా దుకాణంలో అప్పు పుట్టడం మానేసింది. రెండో వారంలో ఒక రాత్రి అమ్మ తన వంతు అన్నం గిన్నెలోనే వదిలేసి, కడుపులో బాగాలేదని పడుకుంది.

మర్నాడు నేను ఆంప్లిఫయరును రిక్షాలో వేసుకుని, గోల్ బజారులో పెళ్ళిళ్ళకు మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణానికి తీసుకెళ్ళాను. యజమాని దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "రేపు సాయంత్రం రా," అన్నాడు. మర్నాడు బేరమాడకుండా నాలుగు వందల రూపాయలు చేతిలో పెట్టాడు.

మిత్రులతో మాత్రం లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందనీ, అది ఇక పనికిరాదనీ చెప్పాను. వాళ్ళు నమ్మారు. నమ్మారనే అనుకున్నాను.

సమ్మె మే 27న ముగిసింది. పదిహేను రోజులు ఇల్లు గడిచిన వైనం నాన్నగారు అమ్మను అడిగి తెలుసుకున్నారు. నన్ను కోప్పడలేదు. "ఆ అబ్బాయితో చెప్పి రా," అన్నారు. నేను వెళ్ళలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేశాను. బృందం మళ్ళీ కోలుకోలేదు. 1976లో గిటారు మిత్రుడి కుటుంబం ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద వీడ్కోలు చెబుతున్నప్పుడు కూడా నా నోరు పెగలలేదు. 1988లో నాన్నగారు పోయారు. ఆయన చెప్పిన ఆ ఒక్క పని అలాగే ఉండిపోయింది.

2014లో, తాతగారి సమాధి చూసుకోవడానికి అతడు ఖరగ్‌పూర్ వచ్చాడు. మా ఇంట్లో భోజనం చేశాక, నలభై ఏళ్ళుగా మోస్తున్నది అతని ముందు పెట్టాను. అతడు నీళ్ళ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఆ దుకాణదారు ఆ రాత్రే మా ఇంటికి వచ్చాడు. ఇది మీ అందరి సొత్తు గదా, కొనమంటావా, వద్దంటావా అని అడిగాడు."

నేను నిర్ఘాంతపోయాను. వాళ్ళ నాన్నగారు కూడా ఆ సమ్మెలో ఉన్నారు. వాళ్ళింట్లోనూ జీతం లేదు.

"మా ఇంట్లో మూడు రోజుల పిండి మిగిలి ఉంది. అందులో నా వాటా తెమ్మని అడగవచ్చుననుకున్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు. వాళ్ళు ఆరుగురు, మనం ముగ్గురం అంది. మంచి ధర ఇమ్మని అతనికి చెప్పి పంపింది."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"నువ్వే చెబుతావని రెండేళ్ళు చూశాను. రైలు కదిలే దాకా చూశాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

కాసేపటికి, మా మనవడి గిటారు గోడకు ఆనించి ఉండటం చూసి అతడు చేతిలోకి తీసుకున్నాడు. పాత పాటే. కీళ్ళనొప్పులతో వంకర తిరిగిన వేళ్ళు తీగల మీద మునుపటిలా పరుగెత్తలేకపోయాయి. సగం వేగంతోనే వాయించాడు. మంద్రంలో నేను గొంతు కలిపాను.

నాన్నగారు కూర్చునే వరండా కుర్చీ ఖాళీగా ఉంది. శ్రుతి మాత్రం తప్పలేదు.