కాళ్ళ కింద పీట

మా అక్క స్పీచ్ థెరపిస్టు. మియాపూర్ దగ్గర ఒక అపార్ట్‌మెంటు గ్రౌండ్ ఫ్లోర్లో ఆరేళ్ళు ఒక్క గదిలో, ఒక్కతే ప్రాక్టీసు చేసింది. గదిలో ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ, పిల్లలకోసం పొట్టి బల్ల, గోడకో అద్దం, అట్టపెట్టె నిండా బొమ్మలు. బయట వరండాలో అమ్మలు. అప్పుడప్పుడూ ఒక నాన్న.

ఆమె దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక్క మాట సమస్యతోనే వచ్చేవాళ్ళు తక్కువ. మాట రానివాడికి నమలడం రాకపోవచ్చు, పెన్సిలు పట్టు లేకపోవచ్చు, కుక్కర్ విజిలేస్తే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిపోవచ్చు. అక్క చీటీ రాసి ఇంకోచోటికి పంపేది. ఆక్యుపేషనల్ థెరపీ కొండాపూర్లో, సైకాలజిస్టు అమీర్‌పేటలో, స్పెషల్ ఎడ్యుకేటర్ ఇంకెక్కడో. (ఆక్యుపేషనల్ థెరపీ అంటే నేను చాలా రోజులు ఉద్యోగాలకి సంబంధించినదేదో అనుకున్నాను. బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, ఒకచోట కుదురుగా కూర్చోవడం, పిల్లల ఉద్యోగాలు అవేనట.) చీటీ పట్టుకెళ్ళిన అమ్మల్లో చాలామంది అక్కడిదాకా చేరేవాళ్ళు కాదు. చేరినవాళ్ళు అలిసిపోయేవాళ్ళు.

మూడేళ్ళ క్రితం పక్క ఫ్లాటు ఖాళీ అయింది. అక్క పన్నెండు లక్షలు అప్పు చేసి అది అద్దెకి తీసుకుని, గోడలు కట్టించి, ఇంకో నలుగురిని పిలిచింది. పూర్తి సమయం ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు. కటక్ దగ్గర చదువుకొచ్చిన ఒడియా కుర్రాడు, అక్కని ‘దీదీ’ అంటాడు, తెలుగు క్రియలన్నీ ‘రా’, ‘పో’లతో సరిపెడతాడు. వారానికి మూడు రోజులు ఒక ఫిజియోథెరపిస్టు, రెండు రోజులు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, శనివారాలు ఒక సైకాలజిస్టు. బావకి ఇది ఇష్టం లేదు. “ఉన్న గదిలో ఉన్న పిల్లలు చాలరా?” అని నన్నే అడిగాడు, నేనేదో అక్కకి ఎక్కించినట్టు.

నేను ఎక్కించలేదు గానీ, ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాను. “ఒరేయ్, నువ్వు చేసేది అదేగా, మాకో యాప్ చేసి పెట్టరాదూ. అందరి నోట్సూ ఒకచోట ఉండాలి” అంది అక్క. రెండు నెలలు శనాదివారాలు కూర్చుని చేశాను. ఆఫీసులో పదేళ్ళుగా నేను రాస్తున్నది ఎవరు వాడతారో నాకు తెలీదు. ఇది మా అక్క వాడుతుంది. ఆ సంబరంలో కొంచెం ఎక్కువే చేశాను. ఒక్కో పిల్లాడికి ఒక ప్రొఫైలు, అందులో ఐదు ట్యాబులు, ఒక్కో వృత్తికి ఒక్కో ట్యాబు. ఎవరి ట్యాబు వాళ్ళకే తెరుచుకుంటుంది. మా భాషలో దీన్ని రోల్ బేస్డ్ యాక్సెస్ అంటాం. పిల్లల వివరాలు, రహస్యంగా ఉండాలి కదా. దీని గురించి అక్కకి అరగంట లెక్చరిచ్చాను. “నువ్వు చెప్తే సరే” అంది.

మొదటి ఏడాది ఆ ప్రాక్టీసు పెరిగిందని అందరం అనుకున్నాం. నిజానికి ఒక కప్పు కింద ఐదు ప్రాక్టీసులు నడిచాయి. పిల్లాడు ఈ గదిలోంచి ఆ గదిలోకి మారేవాడు, నలభై ఐదు నిమిషాలకోసారి. ఈ గదిలో ఏం జరిగిందో ఆ గదికి చెప్పే పని వరండాలో ఉన్న అమ్మది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన లెక్క ఒకటి తెలిసే ఉంటుంది. ఐదుగురు కలిసి పనిచేయాలంటే వాళ్ళ మధ్య పది దారులు ఉండాలి, ఆరుగురైతే పదిహేను. మనిషిని చేర్చినప్పుడల్లా పని పంచుకోవడం తేలికయ్యే బదులు మాట్లాడుకోవడం బరువవుతుందని ఆయన వాదన. అక్క దగ్గర ఆ బరువు కనపడలేదు. ఎందుకంటే పది దారుల్లో ఒక్కటీ లేదు. ఉన్నవి ఐదే, ఐదూ అమ్మ గుండానే పోతాయి.

ఇక్కడ ఒక పిల్లాడి గురించి చెప్పాలి. చిన్నా అంటాను, అది వాడి పేరు కాదు. వాడి గురించి రాస్తానని వాళ్ళమ్మని అడిగాను. “ఊరి పేరు రాయకండి సార్” అంది. రెండు బస్సులు మారి వస్తారని మాత్రం చెప్తాను.

నాలుగేళ్ళవాడు. మాటలు లేవు, ఒళ్ళంతా కాస్త మెత్తన, ఎక్కడా నిలబడి నిలబడనట్టు ఉంటాడు. అక్క దగ్గర ఎనిమిది నెలలు స్పీచ్ థెరపీ, పక్కగదిలో ఆక్యుపేషనల్ థెరపీ, మిగతావాళ్ళ దగ్గర అప్పుడప్పుడూ. తర్వాతెప్పుడో వాడి ఐదు ట్యాబులూ నేను వరసగా చదివాను. పుస్తక సమీక్షలు రాసే దురలవాటున్నవాణ్ణి కదా, చదివితే నోట్సు కూడా రచనలాగే కనపడింది. ఐదుగురు కథకులు, ఐదుగురికీ వేర్వేరు పిల్లలు. ఒకరి చిన్నా శబ్దాల్ని అనుకరించడు. ఒకరి చిన్నా నడుము నిలపలేడు. ఒకరి చిన్నా రంగులు గుర్తుపడతాడు గానీ చూపించమంటే చూపించడు. శనివారం చిన్నాకి వాళ్ళమ్మ గదిలోంచి వెళ్తే భయం. ఈ ఐదుగురు కథకులకీ ఉమ్మడిగా ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ‘సెషనుకి సహకరించడం లేదు.’ ఆ వాక్యానికి కర్త ఎప్పుడూ పిల్లాడే. కుర్చీ సహకరించలేదని, గది సహకరించలేదని, మేము సహకరించలేదని ఎవరూ రాయరు.

ఒక రోజు కరెంటు పోయింది. ఇన్వర్టరు అక్క గదికి మాత్రమే ఉంది. ఊయలా, పెద్ద బంతులూ ఉండే పక్కగదిలో చీకటిగా ఉంటే ఒడియా కుర్రాడు ఊరికే వచ్చి అక్క గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల చిన్నా నీలం కుర్చీలో జారిపోతున్నాడు. అక్క లేపి కూర్చోబెడుతోంది, ‘బ’ అంటోంది, వాడు మళ్ళీ జారుతున్నాడు. అతను కాసేపు చూసి, “దీదీ, కాళ్ళు” అన్నాడు.

వాడి కాళ్ళు నేలకి అందడం లేదు. జానెడు పైన గాలిలో వేలాడుతున్నాయి.

అతనే బొమ్మల డబ్బా ఒకటి తెచ్చి కాళ్ళ కింద పెట్టాడు. వీపు వెనక ఒక తువ్వాలు మడిచి దోపాడు. వాడు కూర్చున్నాడు, అంతే. మాట్లాడలేదు. ఇలాంటి వ్యాసాల్లో ఈ చోట పిల్లాడు ‘అమ్మా’ అంటాడు, నేను అలాంటివి చాలా చదివాను, అది జరగలేదు. రోజూ మూడు నాలుగు నిమిషాలు కూర్చునేవాడు ఆ రోజు పదకొండు నిమిషాలు కూర్చుని అక్క మొహం వంక చూశాడు. పడిపోకుండా కాచుకోవడంలోనే వాడి శక్తంతా పోతోందని, ఇక నోటి దగ్గరికి ఏం మిగులుతుందని ఆ కుర్రాడు తన తెలుగులో చెప్పాడు. పాదాలు ఆనాలి, తుంటి నిలవాలి, అప్పుడు చేతులూ నోరూ. వాళ్ళ చదువులో అది మొదటి పాఠమట. అక్క చదువులోనూ ఉందట, తిండి తినిపించడం గురించిన పాఠంలో. మాట నేర్పే కుర్చీ దగ్గర గుర్తు రాలేదు.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. అక్క వాళ్ళమ్మకి డబ్బా సంగతి చెప్తే, ఆమె, “అవును మేడమ్, ఇంటిదగ్గర మెట్ల మీద కూర్చోబెడితే కుదురుగా ఉంటాడు, కింది మెట్టు మీద కాళ్ళు పెట్టుకుని. నేను మొదటి రోజే చెప్పాను కదా” అంది. అక్కకి చెప్పలేదు. ఆక్యుపేషనల్ థెరపీ ట్యాబులో ఉంది, మొదటి రోజు నోట్సులో మూడో లైను. ఆ కుర్రాడు శ్రద్ధగా రాసుకున్నాడు, తన గదిలో వాడికి తగ్గ బల్ల వేసుకున్నాడు. అక్క గదిలో ఏ కుర్చీ ఉందో అతనికి తెలీదు. అతని ట్యాబులో ఏముందో అక్కకి కనపడదు.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది.

“నాకెందుకు కనపడలేదురా అది?”

“నీకు పర్మిషన్ లేదక్కా.”

“ఎవరి పర్మిషన్?”

నేనేం మాట్లాడలేదు. కాసేపాగి, “ఎనిమిది నెలలురా” అని పెట్టేసింది.

మెల్విన్ కాన్వే అనే ఆయన 1968లోనే చెప్పాడు, ఏ సంస్థయినా తనలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో అదే ఆకారంలో వ్యవస్థల్ని కడుతుందని. ఇంటర్వ్యూలకి వచ్చిన కుర్రాళ్ళని నేనే ఈ ప్రశ్న అడుగుతుంటాను. గోడల్ని చూసి గోడల్లాంటి యాప్ కట్టాను. నాకంటే ముందు చట్టం కూడా అలాగే కట్టింది లెండి. స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో ఉంటారు. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు అందులోకి రారు, వాళ్ళని లెక్కలోకి తీసుకున్న జాతీయ చట్టం 2021లో వచ్చింది. చదువులు వేరు, కాలేజీలు వేరు, పరిభాష వేరు. చివరికి ఒకే పిల్లాడి ముందు కూర్చుంటారు, వంతులవారీగా.

తర్వాత అక్క చేసింది చాలా చిన్న పని, చాలా ఖరీదైన పని. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు సెషన్లు లేవు. అందరూ కూర్చుని ఇద్దరు ముగ్గురు పిల్లల గురించి మాట్లాడాలి. అయితే ఆ గంటకి డబ్బులెవరిస్తారు? అమ్మలు సెషనుకి కడతారు గానీ, తమ పిల్లాడి గురించి నలుగురు మాట్లాడుకున్నందుకు కట్టరు, కట్టమనడం న్యాయమూ కాదు. మిగతావాళ్ళు సెషను లెక్కన పనిచేసేవాళ్ళు. ఊరికే రమ్మంటే రెండు వారాలు వచ్చారు, మూడో వారం ఫిజియోకి ట్రాఫిక్ జామ్ అయింది, నాలుగో వారం అందరికీ అయింది. చివరికి సగం సెషను ఫీజు అక్కే ఇస్తానంది. బావ కాలిక్యులేటరు తీశాడు. నెలకెంతో, ఏడాదికెంతో చెప్పాడు. అక్క వినలేదు.

లండన్లో బెర్తా బొబాత్, కారెల్ బొబాత్ అని భార్యాభర్తలుండేవాళ్ళు. ఆమె ఫిజియోథెరపిస్టు, ఆయన డాక్టరు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో పనిచేసే పద్ధతి ఒకటి కలిసి తయారుచేశారు, ఇప్పటికీ వాళ్ళ పేరుతోనే నేర్పుతారు. వాళ్ళకి రాత్రి భోజనాల దగ్గరే మీటింగు అయిపోయి ఉంటుందని, ఆ గంటకి డబ్బులెవరిస్తారన్న గొడవ వచ్చి ఉండదని అక్కతో అన్నాను. “అంతా కుదిరితే నువ్వూ ఒక ఫిజియోని చేసుకో” అంది.

బుధవారాలు నేననుకున్నంత ప్రశాంతంగా లేవు. మొదట్లో ప్రతివాళ్ళూ తమ చదువు వినిపించేవాళ్ళు. ‘నడుం పట్టు’ అంటే పోయేదానికి ఎవరికీ అర్థంకాని మాట వాడేవాళ్ళు. దానికి వెనక భయం ఉంది. నా కిటుకు నీకు చెప్తే ఇక పిల్లాడు నా దగ్గరికి ఎందుకొస్తాడు? ఈ భయం నాకు తెలుసు. నా కోడు ఇంకెవరికీ అర్థం కాకుండా ఉంటే నా ఉద్యోగం భద్రం అనుకున్న రోజులు నాకూ ఉన్నాయి. అందరికంటే తక్కువ డబ్బులొచ్చే స్పెషల్ ఎడ్యుకేటరు అందరికంటే తక్కువ మాట్లాడేది. మూడో నెలలో ఒక రోజు ఆవిడ, “మీరు ముగ్గురూ చెప్పిన ఇంటిపని కలిపితే రోజుకి రెండు గంటల ఇరవై నిమిషాలవుతుంది. వాళ్ళమ్మ కూలిపనికి వెళ్తుంది” అంది. ఆ రోజు ఇంకెవరూ ఏం మాట్లాడలేదు. తర్వాతి వారం నుంచి ఆ ఇంటికి ఒకే పని వెళ్ళింది: మెట్ల మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం, ముద్ద ముద్దకీ ‘ఇంకా’ అని ఆగడం. కూర్చోవడం ఒకరిది, నమలడం ఇంకొకరిది, మాట మరొకరిది. అమ్మకి మాత్రం అది అన్నం పెట్టడమే.

యాప్ మళ్ళీ రాశాను. ట్యాబులు తీసేశాను. ఇప్పుడు పిల్లాడికి ఒకటే పేజీ. అన్నిటికంటే పైన ‘ఇంట్లో’ అనే గడి. అది అమ్మ చెప్తే నింపాలి, ఆమె మాటల్లోనే. సైకాలజిస్టు మాత్రం ఒక తాళం గడి కావాలని పట్టుబట్టింది. అమ్మలు శనివారం గదిలో చెప్పే మొగుడి సంగతులు ఫిజియోకి ఎందుకు? ఆ ఒక్క విషయంలో నా మొదటి లెక్చరు తప్పు కాదని కొంచెం ఊరట. ఏది ఎవరు చూడాలో ఇప్పుడు అమ్మనే అడుగుతారు.

చిన్నాకి నాలుగైదు నెలల తర్వాత మాటలు మొదలయ్యాయి. ‘ఇంకా’ ముందు వచ్చింది. పీట వల్ల వచ్చిందని అక్క అనదు. వయసు వల్ల కావచ్చు, ఎనిమిది నెలల పాత పని ఇప్పుడు పండి ఉండొచ్చు, అంటుంది. నేను గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కుంటుంది.

ఒక చిక్కు మాత్రం తెగలేదు. ఇప్పుడు చిన్నా వారానికి నాలుగుసార్లు రావడం లేదు. రెండుసార్లే వస్తాడు, ఇద్దరు థెరపిస్టులు ఒకే గదిలో కలిసి కూర్చుంటారు. వాళ్ళమ్మకి నాలుగు బస్సు ప్రయాణాలు మిగిలాయి. అక్కకి రెండు సెషన్ల ఫీజు పోయింది. ఇలాంటి పిల్లలు ఇప్పుడు పదిహేనుమంది దాకా ఉన్నారు. బాగా కలిసి పనిచేసేకొద్దీ తగ్గే ఆదాయంతో, కలిసి పనిచేయడం కోసం చేసిన అప్పు తీర్చాలి. బావ ఇది ఒక్కసారే అన్నాడు, అన్నాక మళ్ళీ ఎత్తలేదు. అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఈమధ్య వెయిటింగ్ లిస్టు పెరిగిందని, మిగిలిన ఆ సెషన్లలో కొత్త పిల్లలు కూర్చుంటున్నారని మాత్రం చెప్పింది.

పోయిన ఆదివారం ప్రింటరు బాగుచేయడానికి వెళ్ళాను. బొమ్మల డబ్బా స్థానంలో ఇప్పుడు మా అమ్మ వంటింటి పీట ఉంటుంది, నేనే తెనాలి నుంచి తెచ్చిచ్చాను. అది గదిలో లేదు. “మళ్ళీ పట్టుకుపోయాడు చూడు” అని అక్క గోడవైపు చూసి కేకేసింది. అటునుంచి “దీదీ, పది నిమిషాలు” అని వినపడింది. అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేశాను, అటక మీద ఇంకో పీట ఉండాలి కదా అని.

“ఉన్న రెండూ మీకే ఇచ్చేస్తే నేను దేనిమీద కూర్చోను?” అంది అమ్మ. కాసేపాగి, “ఎంత ఎత్తుది కావాలో కనుక్కో” అంది.