మోదుగు పూసిన దారిలో...

పూల లోయ అనగానే అందరికీ హిమాలయాలే గుర్తొస్తాయి. 1931లో ఫ్రాంక్ స్మైత్ బృందం కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ దారి తప్పి ఆ లోయలో దిగిందట. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ చేరింది. ఆ ఫొటోలు చూపిస్తే మా అమ్మ పెదవి విరిచేది. ‘‘గంత దూరం ఎందుకు బిడ్డా? ఎండలు మొదలైనంక మన అడవి సూడు’’ అనేది.

అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆపరేషన్ తప్పదన్నారు డాక్టరు. ఆ లోపు ఒక్కసారి మోదుగుపూలు చూడాలని పట్టుబట్టింది. చిన్నప్పుడు జగిత్యాల దగ్గర ఊళ్లో మోదుగాకులతో విస్తర్లు కుట్టి అమ్మిన చేతులు మరి.

మార్చి చివర్లో ఓ రోజు రాత్రి రెండింటికి కరీంనగర్‌లో బయల్దేరాం. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు... సోన్ వంతెన మీద గోదావరి దాటి, నిర్మల్ మీదుగా నేరడిగొండ దగ్గర కుంటాల వైపు మళ్లేసరికి తెలతెలవారుతోంది. కారు ఊరి బయట వదిలి పశువుల బాట పట్టుకున్నాం.

ఆకు లేదు. నల్లటి మొగ్గలు, వాటిలోంచి చిలక ముక్కుల్లా వంగిన కాషాయం పూలు. చెట్టంతా అవే. వాసన మాత్రం ఉండదు. అయితేనేం, తేనె కోసం గోరింకలు గోల చేస్తున్నాయి. ‘కాముని పున్నానికి వీటినే నానబెట్టి రంగు చేసేటోళ్లం’ అంది అమ్మ. (ఇప్పుడు మా వీధిలో పిల్లలు చల్లుకునే రంగు వారం దాకా వదలదు!) పైన బండల మీద కొండగోగు పచ్చగా విచ్చుకుంది.

పొలం గట్టున ఇప్పచెట్టు కింద ఓ గోండు మహిళ పాత చీరలు పరిచింది. ఇప్పపూలు తెల్లవారుజామునే రాలతాయి, ఎండెక్కకముందే ఏరుకోవాలి. పువ్వు కనబడాలని కింద ఆకులకు నిప్పు పెట్టడం చాలాచోట్ల అలవాటు. ఆ నిప్పే ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది, మొలకల్నీ తినేస్తుంది.

‘‘నువ్వు పెట్టవా బిడ్డా?’’ అడిగింది అమ్మ.

‘‘రెండేండ్ల నుంచి పెడ్తలేనవ్వా. చీరలు పర్సుడు తిప్పలే. కానీ కిందికెల్లి కొత్త ఇప్పమొక్క లేసింది, సూడు’’ అని జానెడు మొక్క చూపించింది.

అమ్మ ఆమె పక్కనే కూలబడి పూలేరడం మొదలెట్టింది. వద్దన్నా వినలేదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఈ పూలతోనే లడ్డూలు చేస్తున్నారు. రక్తహీనతకు మంచివని హాస్టల్ ఆడపిల్లలకూ పంచారు. ఇప్పపువ్వంటే సారా ఒక్కటే అనుకునేవాళ్లకు ఆ లడ్డూ తినిపించాలి.

కుంటాల చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. నాలుగొందల పైచిలుకు మెట్లు. అమ్మ పైనే కూర్చుని నన్ను పొమ్మంది. దాదాపు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే కడెం వాగు ఆ రోజు బండల మీద సన్నటి ధారే. నేను రొప్పుతూ తిరిగొచ్చేసరికి, రాలిన మోదుగుపూలు కొంగున కట్టుకుని ఉంది.

‘‘ఆకెప్పుడు వస్తదో ఎరుకేనా? పువ్వు రాలినంక. గప్పటికి నా కాలు నయమైతదా?’’

‘‘అయితది.’’

‘‘అయితే డాక్టరుకు ఫోన్ కొట్టు. జర లేత ఆకున్నప్పుడే రావాలె, ముదిరితే కుట్టంగనే పగుల్తది.’’