మెట్ట ఊరి నుంచి పులికాట్ దాకా

పుల్లలచెరువు వైపు పెరిగినవాళ్ళకి నీళ్ళంటే ముందు గుర్తొచ్చేవి ఎండిన బోర్లు, వీధి మలుపులో ట్యాంకరు, ఫ్లోరైడుతో గారపట్టిన పళ్ళు. పడమట నల్లమల. సముద్రం చూడాలంటే జిల్లా అంతా దాటి ఒంగోలు అవతలికి పోవాలి. అలాంటి చోటి నుంచి పడవెక్కి పక్షుల్ని చూసొస్తానని బయల్దేరితే మా పెద్దమ్మ, "కొంగల్ని చూడ్డానికి అంత దూరమెందుకురా, వానలు పడితే మన చెరువుకే వస్తాయి గదా" అంది. ఆమె మాటలో ఎంత నిజముందో పులికాట్ చూశాకే తెలిసింది.

సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే కాసేపటికి రెండు పక్కలా నీళ్ళే. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. దీన్ని బంగాళాఖాతం నుంచి వేరుచేస్తున్న పొడవాటి ఇసుక దీవే శ్రీహరికోట. రాకెట్లు ఎగిరేది అక్కడినుంచేనని అందరికీ తెలుసు. ఆ రోడ్డుకి అటూ ఇటూ మోకాలి లోతు నీళ్ళలో వేల పక్షులు మేస్తుంటాయని ఎంతమందికి తెలుసో!

పడవ కోసం తడ దగ్గరున్న భీములవారిపాలేనికి పోవాలి. అక్కడి రేవు నుంచి ఇరకం దీవికి పడవలు తిరుగుతాయి. దీవి జనానికి సరుకులకైనా, ఆస్పత్రికైనా పడవే దారి. మేమెక్కింది చిన్న నాటు పడవ. చాలాచోట్ల నీళ్ళు మనిషి నడుమును కూడా దాటవు. అందుకే మోటారు ఆపేసి గడతో నెట్టుకుంటూ పోయారు. దూరంగా గులాబీ రంగు చార కనిపించగానే నేను, "ఇంకొంచెం దగ్గరికి పోదామా అన్నా" అని అడిగాను. పడవాయన గడ నేలలో దిగ్గొట్టి పడవ ఆపేశాడు. "వద్దు నాయనా. లేచాయంటే మళ్ళీ దిగడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ వాటికి తిండి ఉండదు" అన్నాడు. వేట మీద బతికే మనిషికి ఇంకో ప్రాణి వేట విలువ తెలుసు. పక్షుల్ని చూసే పద్ధతి మీద నేను విన్న మాటల్లో ఇంతకంటే గొప్పది లేదు.

అవి ఫ్లెమింగోలు, మనవాళ్ళు రాజహంసలంటారు. తల కిందులుగా వేలాడేసి, వంకర ముక్కును బురదనీళ్ళలో తిప్పుతూ మేస్తాయి. ముక్కు లోపలి అంచులు జల్లెడలా పనిచేస్తాయి. నాలుకతో నీళ్ళు లోపలికి లాగి బయటికి తోస్తే చిన్న రొయ్యలు, పురుగులు, నాచు లోపలే ఉండిపోతాయి. ఆ తిండిలోని రంగే వాటి ఒంటికి వస్తుంది. గుంపులో బూడిదరంగువి కనిపిస్తే అవి పిల్లలని గుర్తు. మన దేశంలో ఇవి ఎక్కువగా గూళ్ళు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. వీటికి నీళ్ళు ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. ఈశాన్య రుతుపవనాలకి సరస్సు నిండా పొంగితే నిలబడి మేసే లోతు దొరకదు. ఎండాకాలం ఉత్తరపు భాగం పగుళ్ళు తేలిపోతుంది. అటు సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుంటుంటే చేపా రొయ్యా లోపలికి వచ్చే దారి తగ్గిపోతోంది. పక్షులకీ జాలర్లకీ కరువు ఒకేసారి వస్తుందన్నమాట. కరువు తెలిసిన ప్రాంతం వాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

బురద అంచున ఉల్లంకులు గుంపులుగా పరుగులు పెడుతున్నాయి. వాటిలో పిచ్చుకంత ఉండే లిటిల్ స్టింట్ ఒకటుంది. బరువు పాతిక, ముప్పై గ్రాములు. గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ మంచు నేలల్లో, చలికాలం గడిపేది ఇక్కడ. వల గుంజల మీద వాలిన గోధుమతల సీగల్‌లు లడఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి వస్తాయి. సముద్రపు పక్షి అనుకుంటాం గానీ దాని పుట్టిల్లు కొండల మధ్య సరస్సు.

అక్కడినుంచి నేలపట్టు పోయాను. నన్ను ఎక్కువగా కదిలించింది అదే. చూడ్డానికి అది మామూలు ఊరి చెరువు. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రం చేశారు. నెలల తరబడి నీళ్ళలో మునిగినా చావని కడప చెట్లు చెరువు మధ్య గుబురుగా ఉన్నాయి. ఆ కొమ్మల నిండా గూడబాతుల గూళ్ళు. పొద్దెక్కి గాలి వేడెక్కాక ఆ బరువు పక్షులు రెక్కలు పెద్దగా ఆడించకుండానే గుండ్రంగా పైకి లేచి పులికాట్ వైపు పోతాయి. అక్కడ చేపలు పట్టి తిరిగొస్తాయి. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తింటాయి. తిండి ఉప్పునీళ్ళలో, ఇల్లు మంచినీళ్ళలో. సరస్సు ఎంత పెద్దదైనా, ఈ చిన్న చెరువూ అందులోని చెట్లూ లేకపోతే ఇక్కడ గూడబాతు పిల్ల ఉండదు. పక్షుల రెట్టలు కలిసిన నీళ్ళు పైరుకి బలమని చుట్టుపక్కల రైతులు నమ్ముతారు. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు ఇదే నమ్మకంతో, పక్షుల్ని ఎవరూ కొట్టకూడదని 18వ శతాబ్దం చివర్లోనే అప్పటి కలెక్టరు దగ్గర పత్రం రాయించుకున్నారు.

2025 జనవరిలో సూళ్లూరుపేట చుట్టూ మూడు రోజులు ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగింది. మంచిదే, జనం రావాలి. కానీ పక్షుల సంగతి తీరంలోనే తేలేది కాదు. మా వైపు గుండ్లకమ్మ మీద రాణి వరదరాజమ్మ కట్టించిన కంభం చెరువుని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ గౌరవం కట్టకీ తూములకీ ఇచ్చిందే కావచ్చు. నా లెక్కలో అలాంటి ప్రతి చెరువూ పక్షులకి ఓ మజిలీ. నిండిన ఏడాది అవి దిగుతాయి, ఎండిన ఏడాది పైనుంచే చూసి పోతాయి. మా పెద్దమ్మ చెప్పింది ఇదే.

మా పడమటి మండలాల రైతులకి, చెరువు సంఘాల పెద్దలకి ఒక్క మనవి. ఈ వేసవిలో పూడిక తీయించేటప్పుడు నడి చెరువులో ఉన్న నల్లతుమ్మల్ని అన్నిటినీ కొట్టించకండి. నీళ్ళు చుట్టుముడితే పిల్లులూ కుక్కలూ గూళ్ళ దాకా చేరలేని చెట్లు అవే. కనీసం ఒక గుబురు వదిలేయండి.