పిల్లలను విడిచి పొమ్మన్నదెవరు?



నేను చదివిన వేదాంత కళాశాలలో పూర్వ విద్యార్థుల కూడిక జరుగునని కబురు వచ్చెను. అప్పుడు మనుమరాలును మనుమడును సెలవులకు మాయింటనుండిరి. ఆమెకు ఏడేండ్లు, వానికి నాలుగు. "పక్కింట్ల ఉంచిపోదాం, దారి పొడుగున సతాయిస్తరు" అంటిని. నా భార్య నెమ్మదిగా, "మన కొడుకును గూడ అప్పుడు ఇట్లనే విడిచిపోతిరి" అనెను.

ఆ మాట గుండెలో గుచ్చుకొనెను. ఇరువదియైదేండ్ల క్రిందట నేనొక సువార్త కూడికకు పోవుచుండగా, ఆరేండ్ల మా వాడు ఏడ్చుచు బస్సు వెంట పరుగెత్తెను. దేవుని పనికి పిల్లలు అడ్డమనుకొని నేను వెనుదిరిగి చూడలేదు. నేడు వాడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు, మందిరమునకు రాడు. క్షేమసమాచారము తప్ప మా యిద్దరికి మాటలు లేవు.

పిల్లలను వెంటబెట్టుకొని నల్లగొండలో తెల్లవారుజామున బస్సు ఎక్కితిమి. 2023 డిసెంబరు నుండి మన రాష్ట్రములో ఆడవారికి బస్సు ప్రయాణము ఉచితము. ఐదేండ్లలోపు వానికి టికెట్టు లేదు. నలుగురిలో డబ్బు చెల్లించినది నేనొక్కడనే! నార్కట్‌పల్లి దాటకమునుపే "తాతా, ఇంకెంత దూరం?" అని మొదలయ్యెను. చౌటుప్పల్ దగ్గర చిన్నవాడు నా తెల్లచొక్కా మీద వాంతి చేసికొనెను. నేను కసరితిని. ముందు సీటులోని ముసలమ్మ సంచిలోనుండి నిమ్మకాయ తీసి యిచ్చి, "పసిపోరడు, ఏమనకయ్యా" అనెను. సిగ్గుపడితిని.

అప్పుడు నిర్గమకాండము పదియవ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చెను. ఆరాధనకు ఎవరెవరు పోవుదురని ఫరో అడుగగా, చిన్నలు పెద్దలు అందరమును పోవుదుమని మోషే చెప్పెను. ఫరో ఒప్పుకొనక, మగవారు మాత్రము పొండనెను. ఈ భాగముపై నేను ఎన్నిసార్లో ప్రసంగించితిని గాని, పిల్లలను విడిచి పొమ్మన్న సలహా ఫరోదని ఆ దినమువరకు నాకు తట్టలేదు. పిల్లలు ఐగుప్తులోనుండిన పెద్దలు తప్పక తిరిగి వత్తురు. రాకున్నను రాబోవు తరము ఫరోకే దక్కును.

హైదరాబాదులో దిగి చొక్కా మార్చుకొని గాంధీనగర్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలకు చేరితిమి. వేర్వేరు సంఘముల వేదపాఠశాలలు ఏకమై 1964లో రాజమండ్రిలో ఆరంభమైన ఈ కళాశాల 1973లో హైదరాబాదుకు తరలివచ్చెను. అట్లు కలిసినవాటిలో 1872లో స్థాపింపబడిన రామపట్నం బాప్తిస్టు వేదపాఠశాల యొకటి. ఆ తొలిదినములలో అక్కడికి ఎందరో విద్యార్థులు ఆలుబిడ్డలతో పోయి చదువుకొనిరి. వారి భార్యలును చదివిరి. మన పెద్దలకు ఈ సంగతి తెలిసియుండెను. మరచినది నేను.

తలలు నెరసిన స్నేహితులను కలిసికొని, కన్నీళ్లతో ప్రార్థించుకొంటిమి. ఒకరు మా తరగతి ఫోటో తెచ్చిరి. మనుమరాలు అందులో నన్ను వెదకి పట్టుకొని, "మా నాయినను ఇక్కడికి ఎప్పుడన్న తీస్కొచ్చినవా తాతా?" అని అడిగెను. నాయొద్ద జవాబు లేదు.

సాయంకాలము పిల్లలను తీసికొనిపోవుటకు మా వాడు వచ్చి గేటు బయటనే నిలిచెను. మనుమరాలు పరుగెత్తి, "రా నాయినా, తాత బడి చూపిస్త" అని చేయి పట్టి లోపలికి తెచ్చెను. వాడు ఆ ఫోటో వైపు చాలసేపు చూచెను. నేను దగ్గరకు పోయి, "ఆ దినము నేను బస్సు ఆపించి దిగవలసియుండె బిడ్డా" అంటిని. వాడేమియు పలుకలేదు. మాసిన చొక్కా ఉన్న సంచిని నా చేతిలోనుండి తీసికొని, తానే మోసెను.

తల్లిదండ్రులారా, కూడికలకు పోవునప్పుడు పిల్లలను ఇంట విడువకుడి. వారు ఏడ్తురు, అడ్డుపడుదురు, బట్టలు పాడుచేయుదురు. చొక్కా ఉతికిన తెల్లబడును. పోయిన పసితనమును ఏ రేవులో ఉతికి తెచ్చుకొందుము?

ప్రభువా, మేము విడిచివచ్చిన బిడ్డలను నీవు విడువకుము. వారియొద్దకు తిరిగి పోవుటకు మాకు దీనమనస్సు నిమ్ము. ఆమేన్.