పెట్టని గొట్టం

గత వేసవిలో నా భార్యకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. అన్నం తిన్న కాసేపటికి కుడి డొక్కలో లేచే నొప్పిని గ్యాసు నొప్పి అనుకొని, వాము నీళ్లతో ఏడాది నెట్టుకొచ్చాము. ఆ తప్పు నాదే. చివరకు పట్నం తీసుకువెళ్లి, పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్ చేయించాము.

సాయంత్రం ఆమెను వార్డులోకి తెచ్చారు. ప్రక్క మంచం మీద పొట్ట కోసి ఆపరేషన్ చేసిన ఒక పెద్దమ్మ ఉంది. ఆమె డొక్కలో నుండి ఒక గొట్టం, దాని కొసన సంచిలో ఎర్రటి నీరు. మా అత్తగారు రెండు మంచాల వైపూ మార్చి మార్చి చూసి, "బాబూ, ఆమెకు చెడు నీరంతా బయటికి పోతోంది. మన పిల్లకు గొట్టమే పెట్టలేదు. అదంతా లోపలే ఉండిపోదా?" అన్నారు.

నాకు గుండె ఝల్లుమంది. మా సంఘ పెద్ద ఒకాయనకు కొన్నేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ చాలా కష్టమైంది. పిత్తాశయం చీముపట్టి అతుక్కుపోయింది. ఆయనకు గొట్టం ఉంచారు. మూడవ రోజున ఆ సంచిలో పచ్చటి పైత్యరసం కనబడబట్టే లోపల కారుతున్న సంగతి తెలిసి, ఆయన బ్రతికి బయటపడ్డారు. నేను ఆ సంచిని కళ్లారా చూచినవాణ్ణి. మేము డబ్బు తక్కువ కట్టామని మాకు పెట్టలేదేమో అన్న అనుమానం కూడా వచ్చింది, దాచను.

డాక్టరు గదికి వెళ్లి కాస్త గట్టిగానే అడిగాను. ఆయన నాకంటే చాలా చిన్నవాడు. కోపపడకుండా కుర్చీ చూపించాడు.

బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే వైద్యుడు 1882లో మొట్టమొదట పిత్తాశయాన్ని తీసివేశాడట. ఆ తరువాత చాలాకాలం గొట్టం పెట్టడం వాడుకగా సాగింది. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల గుండా ఈ ఆపరేషన్ చేశాడు. పద్ధతి మారినా గొట్టం అలవాటు వెంటే వచ్చింది. 2013లో కోక్రేన్ సంస్థవారు 12 పరిశోధనలను, 1831 మంది రోగులను కలిపి చూశారు. సుమారు సగం మందికి గొట్టం పెట్టారు, సగం మందికి పెట్టలేదు. సాఫీగా జరిగిన ఆపరేషన్‌లో గొట్టం వలన మేలుందనడానికి ఆధారం దొరకలేదు. ఆపరేషన్ సమయం మాత్రం కొంచెం పెరిగింది.

"కొద్దిపాటి నీరు ఊరినా పొట్ట లోపలి పొరే పీల్చుకుంటుంది పాస్టరుగారూ. గొట్టం ఉన్నచోట నొప్పి, పైగా క్రిములకు దారి. ఒక్కోసారి రక్తం గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. లోపల కారుతున్నా సంచి ఖాళీగానే ఉంటుంది, మేము మోసపోతాము" అన్నాడు. మా సంఘ పెద్ద సంగతి చెప్పాను. "అటువంటివారికైతే నేనూ పెట్టేవాణ్ణే. చీము, రక్తస్రావం, నాళం సరిగా మూసుకుందో లేదోనన్న అనుమానం ఉంటే పెడతాం. మీ ఇంట్లోవారికి అవేమీ లేవు."

ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చాడు: జ్వరం, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, పొట్ట ఉబ్బడం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడడం. ఏ ఒక్కటి కనిపించినా రాత్రనక పగలనక తీసుకురమ్మన్నాడు.

మర్నాడు ఇంటికి వచ్చాము. ఆ రాత్రే ఆమెకు కుడి భుజం నొప్పి మొదలైంది. మా అత్తగారు నోరు తెరవలేదు గాని నా వైపు చూసిన చూపు చాలు. ఆసుపత్రికి ఫోను చేశాను. ఆపరేషన్‌కు పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారనీ, దానివల్ల ఊపిరితిత్తుల క్రింది పొర రేగి నొప్పి భుజంలో తెలుస్తుందనీ, రెండు మూడు రోజుల్లో పోతుందనీ నర్సమ్మ చెప్పింది. చీటీలోనివన్నీ ఒక్కొక్కటే అడిగింది. కరెంటు లేదు. టార్చిలైటు వేసి కళ్లు చూశాను, తెల్లగానే ఉన్నాయి. "ఏమండీ, ఇక నిద్రపోనివ్వండి" అంది నా భార్య.

మూడవ రోజుకు భుజం నొప్పి పోయింది. కుట్లు తీయించడానికి వెళ్లినప్పుడు, ఆనాడు గొంతు పెంచినందుకు డాక్టరుగారిని క్షమించమని అడిగాను. చీటీ ఇప్పుడు మా అత్తగారి బైబిలులో ఉంది. ఆపరేషన్‌కు వెళ్లే సంఘస్తులు వచ్చి వ్రాసుకొని పోతున్నారు.